ఏటికో అంగీ

మన క్రైస్తవ కుటుంబాల్లో ఎవరినైనా "ఎలా ఉన్నారమ్మా?" అని పలకరించండి. "బాగున్నాం" కంటే ముందు "దేవుని కృప" అనే మాట వస్తుంది. జ్వరం తగ్గినా కృపే, బస్సు అందినా కృపే. ఇంటర్ ఫలితాలు వచ్చాక వచ్చే ఆదివారమైతే, మందిరం బయట చెప్పులు వేసుకునే చోట ఈ మాట ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కుండదు. "దేవుని కృప వల్ల మావాడికి తొమ్మిది వందల అరవై దాటాయండీ" అని ఒక తల్లి అంటుంది. ఆ పక్కనే ఇంకో తల్లి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, ఎంతసేపటికీ తల ఎత్తదు. ఆమె కొడుకు రెండు సబ్జెక్టులు తప్పాడు. మరి ఆ ఇంటి మీద కృప లేనట్టేనా?

నేను బళ్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకి కథలు చెబుతాను. అలా వంగిన తల్లిని చూసినప్పుడల్లా నాకు ఒకామె గుర్తొస్తుంది. ఆమె పేరుకే కృప అని అర్థం. హన్నా. హీబ్రూ మాట అది. గ్రీకులోకి వెళ్లి అన్నా అయింది, మన పల్లెలకొచ్చి అన్నమ్మ అయింది. మీరు ఏ మతం వారైనా సరే, పిల్లల్ని కన్నవారైతే, ఆమె దగ్గర కాసేపు కూర్చోమని మిమ్మల్ని అడుగుతున్నాను.

సమూయేలు మొదటి గ్రంథం ఆమె ఇంట్లోనే మొదలవుతుంది. ఇశ్రాయేలీయులకు ఇంకా రాజు లేని కాలం, ఇప్పటికి మూడు వేల ఏళ్ల పైమాట. ఎఫ్రాయిము కొండల్లో రామా అనే ఊరు. ఎల్కానా అనే ఆయనకి ఇద్దరు భార్యలు. పెనిన్నాకి పిల్లలున్నారు, హన్నాకి లేరు. ఏటా అందరూ కలిసి షిలోహులోని మందిరానికి వెళ్లేవారు. బలి ఇచ్చాక మాంసం పంచేటప్పుడు పెనిన్నాకూ ఆమె కొడుకులకూ కూతుళ్లకూ తలా ఒక పాలు పెట్టి, హన్నాకి మాత్రం ఎల్కానా రెండు పాళ్లు పెట్టేవాడు. ప్రేమకొద్దీ పెట్టాడు. కానీ పండగ పూట ఆ ఇంట్లో ఒకామె సూటిపోటి మాటలు అనేది, ఒకామె అన్నం ముట్టకుండా ఏడ్చేది. ఏటా ఇదే తంతు.

పెనిన్నాని గయ్యాళి అనేసి మనం ముందుకు వెళ్లిపోతాం. ఒక్కసారి ఆమె పళ్లెం వైపు నుంచి కూడా చూడండి. పిల్లల్ని కన్నది తాను, రెండు పాళ్లు వెళ్లేది అవతలి పళ్లెంలోకి. ఆమె మాటల్లో విషం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మన ఇళ్లలో పాళ్లు మాంసంతోనే పంచం. "మీ అక్కని చూసి నేర్చుకో" అనే మాటతో పంచుతాం. పెద్దాడి ర్యాంకు కార్డు గోడకి తగిలించి, చిన్నాడి బొమ్మల పుస్తకం అటక మీదకి ఎక్కించి పంచుతాం. చుట్టాలొచ్చినప్పుడు ఒకరిని ముందుకు పిలిచి పాడించి, ఇంకొకరిని నీళ్లు తెమ్మని పంచుతాం. రెండు పాళ్లున్న పళ్లెం ఎవరిదో పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది. మనం ప్రేమించిన బిడ్డకీ ఆ రెండో పాలు మింగుడుపడదు, రెండోవాడికి అది పంటి కింద రాయిలా ఉంటుంది. హన్నా ఆ రెండు పాళ్లలో ఒక్క ముద్దా తినలేదని మరచిపోకండి.

ఎల్కానా మంచివాడు. ఏడ్చే భార్యని కసురుకోలేదు, ఎందుకేడుస్తున్నావని అడిగాడు. కానీ ఆమె జవాబు చెప్పేలోపే, పదిమంది కొడుకుల కంటే నేను నీకు మేలు కానా అన్నాడు. బుజ్జగించాలనే అన్నాడు, అయితే ఆ మాటలో ఆమె బాధ పోయి ఆయన వచ్చి కూర్చున్నాడు. మనమూ అచ్చంగా ఇంతే. పిల్ల స్నేహితురాలు మాట్లాడటం మానేసిందని డీలా పడి కూర్చుంటే "మేమున్నాం కదే, నీకేం తక్కువ చేశాం?" అంటాం. ఇక ఆ పిల్ల తన బాధ చెప్పుకోవాలా, మనకి జవాబు చెప్పాలా? హన్నా భర్తకి ఏ జవాబూ ఇచ్చినట్టు గ్రంథంలో లేదు. లేచి మందిరానికి వెళ్లింది. పిల్లలు కూడా అలాగే మన ముందు నుంచి లేచి గదిలోకి వెళ్లిపోతారు. "ఏమైంది?" అని అడిగాక ఒక్క నిమిషం నోరు మూసుకోవడం నేర్చుకోవాలి. నాకు అది నేర్చుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

మందిరం గుమ్మం పక్కన ఆసనం మీద ఏలీ అనే యాజకుడు కూర్చున్నాడు. వయసు మళ్లినవాడు. హన్నా లోలోపలే ప్రార్థన చేసుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినబడటం లేదు. ఆయన ఆమె నోటి వంకే చూసి, తాగి వచ్చిందనుకున్నాడు. ఎంతకాలం ఇలా మత్తులో ఉంటావని గద్దించాడు. ఆ రోజుల్లో ప్రార్థన పైకి వినబడేలా చేసేవారేమో. ఏమైనా, ఆయన చూసింది నిజమే, అనుకున్నదే తప్పు. తమాషా ఏమిటంటే, ఆయన తప్పుబట్టిన ఆ ప్రార్థనే తరవాతివారికి పాఠమైంది. పెదవులు కదలాలి, గొంతు పెంచకూడదు, మనసు అక్కడే ఉండాలి అని యూదు పండితులు తల్మూదులో ప్రార్థన పద్ధతులు చెప్పింది హన్నాని చూపించే. ఇవాళ్టికీ యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా మొదటి రోజున వాళ్ల సమాజ మందిరాల్లో ఆమె కథ చదువుతారు.

ఏలీని నేను తప్పుపట్టలేను, ఆయన పని నేనూ చేశాను కాబట్టి. మా అమ్మాయి పదో తరగతిలో ఉండగా ఒకరాత్రి ఒంటిగంటకి మంచినీళ్లకి లేచాను. దాని గది తలుపు కింద నుంచి సన్నగా వెలుగు కనిపించింది. తలుపు నెట్టాను. దుప్పటి ముసుగులోంచి ఫోను వెలుగు. "ఈ వేళప్పుడు ఎవరితోనే?" అన్నాను. గొంతు పక్కింటికి వినబడే ఉంటుంది. అది ముసుగు తీసింది. ముఖమంతా తడి. ఫోనులో ఎవరూ లేరు, మా అమ్మ ఫోటో ఉంది. అమ్మమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. పగలు ఏడిస్తే నేను బెంగపడతానని అది రాత్రిళ్లు ఏడుస్తోంది. నేను చూసిన వెలుగు నిజమే. నేను అనుకున్నది మాత్రం ఏలీ అనుకున్నదే.

ఆ పిల్ల నన్ను ఏమీ అనలేదు. హన్నా మాత్రం ఏలీకి జవాబు చెప్పింది, అది ఎంత బాగుంటుందో చూడండి. నేను తాగలేదు ప్రభూ, మనసు నొచ్చిన మనిషిని, నన్ను పనికిమాలినదానిగా లెక్కకట్టొద్దు అనే అర్థం వచ్చేలా మర్యాదగా, సూటిగా చెప్పింది. మన ఇళ్లలో ఆడపిల్లలకి అణకువ నేర్పేటప్పుడు ఈ భాగం వదిలేస్తాం. అణిగి ఉండటమే కృపగల స్త్రీ లక్షణమని ప్రసంగాల్లోనూ చెబుతారు. పేరులోనే కృప ఉన్న ఈ స్త్రీ, పెద్దాయన తప్పుగా మాట్లాడితే మౌనంగా తల దించుకోలేదు. గొంతు పెంచలేదు, ఉన్న సంగతి చెప్పింది. మీ అమ్మాయి అలా చెబితే "ఎదురు మాట్లాడుతున్నావా?" అనకండి.

ఇక ఏలీ. ఆయన నుంచి మనం నేర్చుకోవాల్సిన ఒక్క గొప్ప విషయం ఇక్కడే ఉంది. ఆమె చెప్పగానే మాట మార్చుకున్నాడు. "అయినా మందిరంలో ఇలాగేనా ఉండటం?" అని సాగదీయలేదు. క్షేమంగా వెళ్లు, నువ్వు అడిగింది దేవుడిస్తాడు అని దీవించాడు. గద్దించిన నోటితోనే దీవించడానికి ఆయనకి ఒక్క నిమిషం పట్టింది. పిల్లల దగ్గర "పొరపాటుపడ్డానమ్మా" అనడానికి మనకి ఎన్నేళ్లు పడుతోంది? ఆ రాత్రి నేను మంచం అంచున కూర్చుని ఆ మాట అన్నాను. అప్పుడు అది ఫోను నా వైపు తిప్పి, అమ్మ ఫోటోని పెద్దది చేసి చూపించింది. ఇద్దరం తెల్లవారుజామున మూడింటిదాకా కూర్చున్నాం. మా మధ్య పేచీలు తరవాత కూడా వచ్చాయి. కానీ ఆ రాత్రి నుంచి అది తలుపు గడియ పెట్టుకోలేదు.

ఇప్పుడు, చెప్పు పట్టీ సరిచేసుకుంటున్న ఆ తల్లి సంగతికి వద్దాం. ఏలీ మాట విని హన్నా వెళ్లిపోయింది, అన్నం తింది, ఆ తరవాత ఆమె ముఖం దిగులుగా లేదు అని రాసి ఉంది. ఈ వరస జాగ్రత్తగా చూడండి. అప్పటికి ఆమె కడుపు పండలేదు. పెనిన్నా మారలేదు. ఇంటికెళ్లినా అవే మాటలు, అవే పళ్లేలు. మారింది ఆమె ముఖం ఒక్కటే. బిడ్డ పుట్టడం తరవాతి సంగతి. మనం కృప అనే మాటని ఫలితం వచ్చాక వాడతాం. హన్నా కథలో కృప ఫలితం కంటే ముందే వచ్చి, ఆమె చేత అన్నం తినిపించింది.

అంగీకారం అంటే ఆశ వదులుకోవడమని కొందరు భయపడతారు. హన్నా ఆశ వదులుకోలేదు, ఆ ఆశ నెరవేరేదాకా అన్నం మానేయడం వదులుకుంది. ఫలితాల రోజు ఇంట్లో పొయ్యి వెలగకపోతే పిల్లవాడికి ఏం అర్థమవుతుంది? తన మార్కులే ఈ ఇంటి అన్నం అని. కాబట్టి ఆ రోజు వంట చేయండి. వాడికిష్టమైన కూరే చేయండి. అందరూ కలిసి కూర్చుని తినండి. సప్లిమెంటరీ ఎప్పుడు, ఫీజు ఎంత, ట్యూషన్ ఎక్కడ అన్నవి మర్నాడు మాట్లాడుకోవచ్చు. వాడు అన్నం ముట్టకుండా, నిద్రపోకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా రోజులు గడుపుతుంటే మాత్రం ప్రార్థనతో పాటు ఫోనూ చేయండి. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు. "చస్తాను" అన్న మాట నోట వస్తే బెదిరింపని కొట్టిపారేయకండి, ఒంటరిగా వదలకండి, ఆ పూటే సాయం తీసుకోండి.

హన్నాకి కొడుకు పుట్టాడు. సమూయేలు అని పేరు పెట్టింది. దేవుణ్ని అడిగి తెచ్చుకున్నాను కాబట్టి ఈ పేరు అని చెప్పింది. అడిగి తెచ్చుకున్న బిడ్డ అంటే ఎంత పట్టుకోవాలనిపిస్తుంది! ఈమె మాత్రం అడిగేటప్పుడే, వీణ్ని నీకే ఇస్తానని మొక్కుకుంది. మరుసటి ఏడు ఎల్కానా షిలోహుకి బయలుదేరితే తాను రానంది. పాలు మాన్పించాక తీసుకొస్తానంది. నీకు మంచిదనిపించినట్టు చెయ్యి అన్నాడాయన. ఇందాక పదిమంది కొడుకుల లెక్క చెప్పిన మనిషి ఈసారి ఆమె లెక్కకే వదిలేశాడు. పాలు మాన్పించాక కోడెనూ, పిండినీ, తిత్తిలో ద్రాక్షారసాన్నీ వెంటబెట్టుకుని, చిన్నవాణ్ని షిలోహు తీసుకెళ్లి ఏలీకి అప్పగించింది. ఆ కాలంలో పిల్లలు మూడేళ్లదాకా పాలు తాగేవారు. వాడికి అంతే ఉంటుంది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. హన్నా చేసిందని మనం చేయకూడని పని ఇది. మూడేళ్లవాణ్ని వదిలి రమ్మని ఈ కథ మనకి చెప్పడం లేదు. అది ఆమె మొక్కు, ఆమె కాలం. పైగా ఆమె వాణ్ని వదిలిన చోటేమీ పూలపాన్పు కాదు. ఏలీ కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు బలి మాంసాన్ని ఉడికేదాకా ఆగకుండా లాక్కునేవారు, మందిరానికి వచ్చే ఆడవాళ్లతో తప్పుగా ప్రవర్తించేవారు. మన పిల్లల్ని ఎక్కడైనా ఉంచేముందు అక్కడ పెద్దవాళ్లు ఎలాంటివారో చూసుకోవాలి, తరవాత కూడా చూస్తూనే ఉండాలి. పిల్ల ఏదైనా చెబితే నమ్మాలి. పిల్లల కోసం 1098 అనే నంబరు ఉందని వాళ్లకీ నేర్పాలి. హన్నా దగ్గర నేర్చుకోవాల్సింది ఆమె వదలడంలో లేదు. వదిలాక ఏం చేసిందో అందులో ఉంది.

ఏం చేసింది? ఏటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లింది.

ఈ సంగతి గ్రంథంలో ఒక్క వాక్యం. సండే స్కూల్లో చెప్పేటప్పుడు సమూయేలుని దేవుడు రాత్రివేళ పిలిచిన కథకి తొందరపడి ఈ వాక్యాన్ని దాటేస్తాం. నాకు మాత్రం ఈ వాక్యం దగ్గర కాలు కదలదు, నేను కుట్టు మిషను పక్కన పెరిగినదాన్ని కాబట్టి. మా అమ్మ టైలరు. క్రిస్మస్ ముందు నెలంతా మా వరండాలో గుడ్డ ముక్కల మీద పడుకునేవాళ్లం. ఎవరైనా పిల్లల్ని తీసుకొస్తే అమ్మ టేపుతో కొలిచి, ఆ అంకెకి రెండంగుళాలు కలిపి రాసేది. "ఎదిగే పిల్లలకి ఒంటికి అతుక్కునేలా కుట్టకూడదు" అనేది. గౌను అంచు లోపలికి మూడువేళ్ల వెడల్పున మడిచి కుట్టేది. ఏడాది తిరిగేసరికి పిల్ల పొడవైతే ఆ మడత విప్పి మళ్లీ కుట్టొచ్చు. అలా రెండుసార్లు విప్పిన గౌను నాది ఒకటి ఇప్పటికీ పెట్టెలో ఉంది. అంచు దగ్గర వెలిసిపోని గుడ్డ రెండు చారలుగా కనిపిస్తుంది. ఏ ఏడాది ఎంత పెరిగానో దాని మీద రాసి ఉన్నట్టే.

మా అమ్మకి టేపు ఉంది, కొలవడానికి పిల్ల ఎదురుగా ఉంది. హన్నాకి రెండూ లేవు. అంగడికెళ్లి గుడ్డ చింపించుకు రావడానికి అప్పుడు కుదరదు. ఉన్ని వడకాలి, నేయాలి, కత్తిరించాలి, కుట్టాలి. నెలల పని. అన్ని నెలలూ కళ్లముందు లేని ఒంటిని ఊహించుకుంటూ కుట్టాలి. కిందటేడు ఇంతున్నాడు, ఇప్పుడు ఎంతై ఉంటాడు? ఊళ్లో వాడి ఈడు పిల్లాణ్ని పిలిచి భుజాలు జానతో కొలిచిందేమో. కొడుకు గుర్తొస్తే ఆమె చేతికి దొరికేది పాత కొలత. కుట్టాల్సింది కొత్త కొలతకి. ఏటేటా ఆమె తన మనసులోని పిల్లవాణ్ని పక్కనపెట్టి, నిజంగా పెరుగుతున్న పిల్లవాణ్ని ఊహించాల్సి వచ్చింది. బిడ్డని అంగీకరించడమంటే ఇదేనని నాకు అనిపిస్తుంది. ఆ అంగీ రెండేళ్లు పనికొచ్చి ఉండదు. ఒకసారి అంగీకరించి ఊరుకోవడానికి లేదు, ఏటా మళ్లీ కుట్టాలి.

మనలో చాలామంది ఒకే అంగీ పట్టుకుని తిరుగుతాం. అది వాడు పుట్టకముందే కుట్టేసి ఉంటుంది. డాక్టరు అంగీ, ఇంజనీరు అంగీ, అమెరికా అంగీ. పిల్లవాడి చేతులు అందులో దూరకపోతే చేతులదే తప్పంటాం. మొన్నామధ్య మా చెల్లెలితో కలిసి దాని కొడుకుని చూడటానికి ఒక కాలేజీ హాస్టలుకి వెళ్లాను. ఆదివారం. గేటు బయట చెట్ల కింద తువ్వాళ్లు పరచుకుని తల్లిదండ్రులు, క్యారియర్లు, గోంగూర పచ్చడి సీసాలు, సున్నుండల డబ్బాలు. మా చెల్లెలు పుట్టినరోజు చొక్కా తెచ్చింది. వాడు వేసుకున్నాడు. చేతులు మణికట్టుకి నాలుగు వేళ్ల పైనే ఆగిపోయాయి. మూడు నెలల్లో అంత పొడుగయ్యాడు. మా చెల్లెలు నవ్వేసి, మార్చుకొస్తానులే అంది. ఆ వెంటనే "వీక్లీ టెస్టులో ఎంతొచ్చింది?" అని అడిగింది. వాడు చొక్కా విప్పి నాలుగు మడతలు పెట్టాడు. పెడుతూ పెడుతూ "పెద్దమ్మా, ఇక్కడ ఒక సారు తెలుగు పద్యాలు భలే చెబుతారు" అన్నాడు, నా వైపు చూసి. వాళ్లమ్మ వైపు చూసి కాదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో దానితో అన్నాను. "చొక్కా పొట్టిదైందని నీకు ఇట్టే తెలిసింది. వాడు ఇంకెక్కడెక్కడ పెరిగాడో అడగలేదు." అది కిటికీలోంచి చూస్తూ ఊరుకుంది. కాసేపాగి, "పద్యాలంటే ఇష్టమని నాకు తెలియదక్కా" అంది.

కాబట్టి ఈసారి మీరు హాస్టలుకి వెళ్లినా, వీడియో కాల్లో టెక్సాస్‌లో ఉన్న కూతురితో మాట్లాడినా, ఎదురుగా కూర్చున్న పిల్లాడికి అన్నం వడ్డించినా, ముందు కొలత తీసుకోండి. "ఈ మధ్య నీకు ఏది ఇష్టంగా ఉంటోంది? ఏది కష్టంగా ఉంటోంది?" అని అడగండి. మార్కుల సంగతి చివర్లో అడగొచ్చు, కొంపలేమీ మునగవు. కిందటేడు వాడికి ఇష్టమైంది ఈ ఏడు ఇష్టం కాకపోతే "నువ్వు మారిపోయావు" అని నిష్ఠూరం ఆడకండి. మారడమే వాడి పని. మీరు పెట్టే ఏ నియమమైనా, ఏ ఆశైనా అంచు లోపల కాస్త గుడ్డ మడిచి పెట్టండి. పద్నాలుగేళ్లకి పెట్టిన నియమం పదిహేడేళ్లకి విప్పి పొడిగించాల్సి ఉంటుంది. చూపు సరిగా లేని పిల్లలు, నడవలేని పిల్లలు, చదువు నెమ్మదిగా ఎక్కే పిల్లలు ఉన్న తల్లిదండ్రులకి ఈ మాట నేను చెప్పనక్కర్లేదు. వాళ్ల ఒంటికి సరిపడే అంగీ బజార్లో దొరకదని వాళ్లకి ముందే తెలుసు. ఏటికేడూ చేత్తో కుడుతున్నది వాళ్లే. మిగతావాళ్లం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

ఒకటి దాచకుండా చెప్పాలి. హన్నా బాగా పెంచింది కాబట్టి సమూయేలు ప్రవక్త అయ్యాడు, మీరూ ఇలా చేస్తే మీవాడూ అవుతాడు అని నేను రాయలేను. ఎందుకంటే అదే గ్రంథం ఇంకో సంగతి చెబుతుంది. ఏలీ యాజకుడై ఉండీ తన కొడుకుల్ని అదుపు చేయలేకపోయాడు. సరే, ఆయన మెతకదనం అనుకుందాం. మరి సమూయేలు? ఇశ్రాయేలంతటికీ న్యాయం తీర్చినవాడు. ఆయన కొడుకులు యోవేలు, అబీయా లంచాలు తిన్నారు. మనవలు అలా అవుతారని తెలిస్తే ఆ అంగీలు కుట్టిన చేతులు ఎంత తల్లడిల్లేవో! పెంపకం సూత్రం కట్టి ఇస్తే ఫలితం వచ్చే లెక్క కాదు. మన వంతు చేయాలి, చేసి చేతులు తెరవాలి. పిల్లలు దారి తప్పిన తల్లిదండ్రులారా, మందిరంలో వెనక వరసకి వెళ్లి కూర్చోకండి. ముందు వరసలో ఉన్న మనమంతా, వాళ్లకి జరిగి చోటివ్వాలి.

చేతులు తెరిచినవారికి బిడ్డ దూరమైపోతాడా? సమూయేలు పెద్దవాడై ఊరూరా తిరిగి తీర్పులు చెప్పేవాడు. తిరిగి తిరిగి చివరికి ఏ ఊరు వచ్చేవాడో తెలుసా? రామా. ఆయన ఇల్లు అక్కడే ఉండేది. చనిపోయాక పాతిపెట్టిందీ అక్కడే. తల్లి వేలు పట్టుకుని ఏ ఊరి నుంచి బయలుదేరాడో ఆ ఊరే. అందరి పిల్లలూ అలా తిరిగి వస్తారని కాదు. కట్టేసి ఉంచితే వచ్చిన రాక మాత్రం కాదది.

ఇంకో చిన్న సంగతి. హన్నా కుట్టిన అంగీకి హీబ్రూలో మెయీల్ అని పేరు. పైన తొడుక్కునే వస్త్రం. సమూయేలు చనిపోయాక, భయంతో దిక్కుతోచని సౌలు రాజు ఏన్దోరులో చనిపోయినవారితో మాట్లాడే ఒక స్త్రీ దగ్గరికి వెళ్లి, ఆయన్ని రప్పించమంటాడు. ఎలా ఉన్నాడని అడిగితే ముసలివాడు, పైన మెయీల్ కప్పుకున్నాడు అంటుందామె. ఆ ఒక్క గుర్తుతో సౌలుకి అర్థమైపోయింది, వచ్చింది ఎవరో. అది తల్లి కుట్టింది అయి ఉండదు, ఆమె పోయి ఎన్నేళ్లో అయి ఉంటుంది. కానీ ఆమె అలవాటు చేసిన వస్త్రమే చివరిదాకా ఆయన గుర్తయింది.

మా అమ్మ గౌను తొడిగించాక దూరంగా జరిగి చూసేది కాదు. దగ్గరికొచ్చి, చంకల కింద రెండు వేళ్లు పెట్టి, "ఎక్కడ పట్టేస్తోంది, చెప్పు" అని అడిగేది. బాగుందా అని ఎప్పుడూ అడగలేదు. బాగుందా అంటే పిల్లలు బాగుందనే అంటారు, అమ్మ కష్టపడి కుట్టింది కదా అని. ఎక్కడ పట్టేస్తోంది అంటేనే నిజం చెబుతారు. ఇవాళ రాత్రి అన్నాల దగ్గర మీ పిల్లల్ని ఈ మాట అడిగి చూడండి. వాళ్లు చెప్పినచోట కుట్టు విప్పండి.